‘ఊపిరి’ పుట్టుక: ఉపరి కాదు, ఊపు కాదు, ఉసురు చుట్టం

మీరు అడిగినవి మూడు సంగతులు. ‘ఊపిరి’ అనే మాట సంస్కృతంలోని ‘ఉపరి’ నుంచి వచ్చిందా, లేక ఛాతీ ఊగుతుంది కనుక ‘ఊపు’ నుంచి వచ్చిందా అనేది మొదటిది. ‘ఉసురు తగులుతుంది’ అన్నప్పుడు ఉసురుకు శాపం అనే అర్థం ఎలా పట్టిందనేది రెండోది. మీరు తయారుచేస్తున్న యోగాభ్యాసపు కరపత్రంలో ఉచ్ఛ్వాసం అంటే గాలి పీల్చడమని రాయాలా, వదలడమని రాయాలా అనేది మూడోది. ముప్ఫై ఏళ్లకు పైగా తరగతి గదిలో తెలుగు వ్యాకరణం బోధించినవాణ్ణి. ఈ మాటల గురించి విద్యార్థులు ఏటా ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉండేవారు. అందువల్ల కొంచెం విపులంగానే సమాధానం రాస్తున్నాను.

‘ఉపరి’ వాదాన్ని ముందుగా పక్కన పెట్టవచ్చు. సంస్కృతంలో ‘ఉపరి’ అంటే ‘పైన’ అని అర్థం. మనం రోజూ వాడే ‘ఉపరితలం’ అనే మాటలో ఉన్నది అదే. ఆ మాట తెలుగులోకి వచ్చి తద్భవంగా మారిందనుకున్నా, మొదటి హ్రస్వం దీర్ఘం కావడానికీ, మధ్య అకారం ఇకారం కావడానికీ కారణం చూపించాలి. ‘పైన’ అనే అర్థం నుంచి ‘శ్వాస’ అనే అర్థం ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. ఈ రెండింటికీ ఆధారం లేదు. ‘ఊపు’ వాదం వినడానికి కొంత ఇంపుగా ఉంటుంది. కానీ ఆగు–ఆపు, రేగు–రేపు లాగా ఊగు–ఊపు ఒక జంట. ‘ఊపు’ అంటే దేన్నో పట్టుకొని ఊగేటట్టు చేయడం, ఊయలను ఊపినట్టు. ఊపిరిలో ఊపేవాడూ లేడు, ఊగే వస్తువూ లేదు. రెండు మాటల మొదట్లో ‘ఊప’ అనే ధ్వని ఒకే విధంగా వినిపించడం తప్ప వీటి మధ్య సంబంధాన్ని చూపే మరో ఆధారం ఏదీ లేదు. ఒక మాట పుట్టుకను చెప్పాలంటే దానిలాగా వినిపించే మాటను వెతకడం కాకుండా, దాని చుట్టాలను వెతకాలి. ఆ చుట్టాలు సొంత భాషలోనూ ఉంటాయి, పొరుగు భాషల్లోనూ ఉంటాయి.

సొంత భాషలోని చుట్టాలతోనే మొదలుపెడదాం. పదో తరగతి వరకు తెలుగు చదివినవారందరికీ ద్విరుక్తటకార సంధి గుర్తుండే ఉంటుంది. కుఱు, చిఱు, కడు, నడు, నిడు అనే మాటల్లోని ఱ, డ లకు అచ్చు పరమైతే అక్కడ ‘ట్ట’ వస్తుందని పరవస్తు చిన్నయసూరి సూత్రం చెప్పాడు. చిట్టెలుక, కట్టెదురు, నట్టిల్లు అందరికీ తెలిసిన ఉదాహరణలే. మిగిలిన రెండు ఉదాహరణల మీద మాత్రం తరగతి గదిలో ఎవరూ నిలబడరు. అవి కుఱు + ఉసురు = కుట్టుసురు, నిడు + ఊరుపు = నిట్టూరుపు. ‘కుట్టుసురు’ అంటే చిన్న ప్రాణం, అల్పప్రాణం. ‘నిట్టూరుపు’ అంటే నిడుపైన ఊరుపు, అంటే పొడవైన శ్వాస. మనం ఈనాడు నిట్టూర్పు అంటున్నది దాన్నే. ఒకే సూత్రానికి ఇచ్చిన ఐదు ఉదాహరణల్లో రెండు శ్వాసకు సంబంధించినవి కావడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా మన ప్రశ్నకు కావలసిన తాళంచెవి అక్కడే ఉంది.

ఇప్పుడు ఈ నిట్టూర్పును పట్టుకొని పొరుగిళ్లకు వెళ్దాం. తమిళంలో నిట్టూర్పును ‘నెట్టుయిర్‌ప్పు’ అంటారు. అది నెడు + ఉయిర్‌ప్పు. కన్నడంలో ‘నిట్టుసిరు’ అంటారు. అది నిడు + ఉసిరు. మలయాళంలో ‘నెడువీర్‌ప్పు’ అంటారు; అక్కడా పొడవైన శ్వాస అనే భావమే. మూడు పొరుగు భాషల్లోనూ మనలాగే ‘పొడవైన’ అనే విశేషణాన్ని శ్వాసకు తగిలించి నిట్టూర్పు మాటను తయారుచేసుకున్నారు. వాటిలో రెండింటిలో ‘డ’ స్థానంలో ‘ట్ట’ రావడం కూడా మన సంధిలాగే ఉంది. ఇంత దగ్గరి పోలిక అరువు వల్ల వచ్చేది కాదు, రక్తసంబంధం వల్ల వచ్చేది. తెలుగు సంస్కృతజన్యం కాదనీ, తమిళ కన్నడాలతో కలిసి వేరొక కుటుంబానికి చెందినదనీ మద్రాసులో పనిచేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే వాదించాడు. ఆ మాట చెప్పి రెండు వందల ఏళ్లు దాటినా, ప్రతి తెలుగు మాటకూ సంస్కృత మూలం వెతికే అలవాటు మనలో పోలేదు. మీ మొదటి ప్రశ్న కూడా ఆ అలవాటు నుంచే పుట్టింది. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. మా తరం వారికి బడిలో నేర్పిన పద్ధతే అది.

ఆ పోలికలో మన ‘ఊర్పు’, వారి ‘ఉయిర్‌ప్పు’, కన్నడిగుల ‘ఉసిరు’, మన ‘ఉసురు’ ఒకే వరుసలో నిలబడతాయి. అయితే ఒకచోట యకారం, ఒకచోట సకారం, ఒకచోట రెండూ లేకుండా వట్టి దీర్ఘం ఉండటం ఎలా కుదురుతుందని మీరు అడగవచ్చు. దీనికి మన వంటింట్లోనే సాక్ష్యం ఉంది. మనం పెసలు, పెసరపప్పు అంటాం. తమిళులు ‘పయఱు’ అంటారు. వారి యకారం ఉన్నచోట మనకు సకారం ఉంది. అలాగే తమిళంలో ‘పెయర్’ అన్నదాన్ని పాత కన్నడంలో ‘పెసర్’ అన్నారు, నేటి కన్నడంలో ‘హెసరు’ అంటారు, తెలుగులో మనం ‘పేరు’ అంటాం. ఇక్కడ మనం మధ్య హల్లును పూర్తిగా జారవిడిచి, దాని బదులు ముందున్న అచ్చును సాగదీశాం. పెయర్ మన నోట పేరు అయినట్టే ఉయిర్‌ప్పు మన నోట ఊర్పు అయింది. పయఱు మన నోట పెసర అయినట్టే ఉయిర్ మన నోట ఉసురు అయింది. తెలుగు ఈ రెండు దారుల్లోనూ నడిచింది కనుకనే మనకు ఒకే మూలం నుంచి రెండు మాటలు మిగిలాయి. తెలుగు భాషలో నాకు అత్యంత ప్రియమైన విషయాల్లో ఇది ఒకటి. పెసరపప్పు, పేరు, ఉసురు, నిట్టూర్పు అనే నాలుగు మాటలకు వాడుకలో ఏ సంబంధమూ కనిపించదు, కానీ వాటి లోపల పనిచేసిన నియమం ఒక్కటే.

ఇక ‘ఊపిరి’. తమిళ కన్నడాల వాడుకలో ఈ రూపం వినిపించదు. ఇది తెలుగు సొంతంగా తయారుచేసుకున్న రూపం. ఇది ఊరుపుతో పుట్టిన మాటే అని నేను భావించడానికి కారణాలు రెండు. మొదటిది, రెండింటిలోనూ ఉన్న ధ్వనులు అవే: మొదట దీర్ఘ ఊకారం, తరువాత ర, ప. ఊరుపులో రకారం ముందు, పకారం వెనుక. ఊపిరిలో పకారం ముందు, రకారం వెనుక. పక్కపక్కనున్న అక్షరాలు చోట్లు మార్చుకోవడం తెలుగు నోటికి కొత్త కాదు. నవ్వులాటకు కాకుండా నిజంగానే ‘నవారు’ను ‘నరావు’ అనేవారిని మనం చూస్తూనే ఉంటాం. రెండోది, అర్థంలో రవ్వంత తేడా కూడా లేకపోవడం. ఊర్పు క్రమంగా వెనక్కి తగ్గి నిట్టూర్పులో మాత్రమే మిగిలింది. అది ఖాళీ చేసిన చోటులో ఊపిరి స్థిరపడింది. ఈ చోటుమార్పు నా అభిప్రాయం. ఉసురు, ఊర్పు, ఉయిర్ ఒకటే అన్నది మాత్రం అభిప్రాయం కాదు, పైన చూపిన వరుసలు నిరూపించిన విషయం.

ఉయిర్ అంటే తమిళంలో శ్వాస కన్నా ముందుగా ‘ప్రాణం’ అనే అర్థమే తోస్తుంది. కన్నడంలో ఉసిరు అంటే నేటికీ శ్వాసే. పాత కన్నడంలో ‘ఉసిర్’ అంటే పలకడం, చెప్పడం అని కూడా అర్థం ఉంది, ఎందుకంటే మాట అనేది శబ్దమైన ఊపిరే. తెలుగులో ఉసురుకు ప్రాణమనే అర్థం బలపడింది. ‘ఉసురు తీశాడు’ అంటే ప్రాణం తీశాడని. ‘వాడి ఉసురు పోసుకున్నావు’ అంటే వాడి ప్రాణాన్ని నీ మీద పోసుకున్నావు, ఆ పాపం నీదే అని. ‘ఉసురు తగులుతుంది’ అనే మాటకు వెనుక ఉన్న భావన కూడా ఇదే. అన్యాయానికి గురైనవాడు తిరిగి కొట్టలేడు, న్యాయస్థానానికి వెళ్లలేడు. అతను చేయగలిగింది ఒక వేడి నిట్టూర్పు విడవడం. ఆ నిట్టూర్పు గాలిలో కలిసిపోదనీ, అన్యాయం చేసినవాడిని వెతుక్కుంటూ వెళ్లి తాకుతుందనీ మన పల్లెల నమ్మకం. హిందీలోనూ దీనుల ‘ఆహ్’ తగులుతుందని అంటారు. ‘ఆహ్’ అంటే నిట్టూర్పే. కాబట్టి ఉసురుకు శాపం అనే అర్థం కొత్తగా రాలేదు. బలహీనుడి ఊపిరికి మనవాళ్లు ఇచ్చిన బలమే ఆ అర్థం. మా నాయనమ్మ కోడిపిల్లను తరిమినా ‘దాని ఉసురు పోసుకోకురా’ అనేది, ఆ మాటలో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉండేది.

దీని పక్కనే ‘ఉసూరుమనడం’ ఉంది. పని కాక తిరిగి వచ్చినవాడు ఉసూరుమంటూ కూర్చుంటాడు. ‘ప్రాణం ఉసూరుమంది’ అని మనం రోజూ అంటాం. ఆ చిన్న వాక్యంలో సంస్కృతం ఇచ్చిన ప్రాణం, తెలుగు సొంతమైన ఉసురు రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి. రెండింటి మొదటి అర్థం శ్వాసే అయినా, ఆ సంగతి మాట్లాడేవారికి తోచదు.

ఇక్కడ ఇంకొక పొరపాటు జరగకుండా చెప్పాలి. పత్రికల్లో ‘అసువులు బాశారు’ అని చదువుతాం కదా, ఆ ‘అసువు’ నుంచి ‘ఉసురు’ వచ్చిందని కొందరు అంటారు. అసువు సంస్కృతం, ప్రాణవాయువు అని అర్థం. ఉసురుకు తమిళ ఉయిర్, కన్నడ ఉసిరు తోడబుట్టినవి కనుక దానికి సంస్కృతపు మూలం అక్కరలేదు. పోలిక యాదృచ్ఛికం. అసువు గురించి చెప్పుకోవలసిన ముచ్చట వేరొకటి ఉంది. సూర్యసిద్ధాంతం అనే పాత జ్యోతిష గ్రంథంలో కాలాన్ని ఊపిరితో కొలిచారు. ఒక ప్రాణం (దీన్నే అసువు అనీ అంటారు), అంటే ఒక ఊపిరి పీల్చి వదిలే కాలం. అలాంటివి 6 అయితే ఒక విఘడియ, 60 విఘడియలు ఒక ఘడియ, 60 ఘడియలు ఒక రోజు. లెక్క కడితే రోజుకు 21,600 ఊపిరులు, నిమిషానికి 15. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారని నేటి వైద్యులు చెప్పే లెక్కలోనే ఇది పడుతుంది. హంసమంత్రం రోజుకు 21,600 సార్లు తనంతట తానే జపించబడుతుందని యోగులు చెప్పే లెక్క కూడా ఇదే. మీ కరపత్రంలో ఈ సంఖ్యను నిస్సంకోచంగా చేర్చుకోవచ్చు.

‘ప్రాణం’ అనే మాట ‘అన్’ అనే ధాతువు నుంచి వచ్చింది. దానికి ఊపిరి తీయడమనే అర్థం. ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమానాలన్నీ ఈ ధాతువు మీద ఉపసర్గలు చేరి ఏర్పడినవే. లాటిన్‌లో ఆత్మను చెప్పే ‘అనిమా’ కూడా ఈ కుటుంబానిదే. ఒక్క మనిషి చనిపోయినా ‘ప్రాణాలు పోయాయి’ అని బహువచనంలో ఎందుకంటామని ఎప్పుడైనా ఆలోచించారా? సంస్కృతంలో ప్రాణమనే అర్థంలో ఈ మాట, అసువు కూడా, బహువచనంలోనే వాడతారు. ఐదు ప్రాణాలనే భావన దానికి తోడైంది. ఊపిరికి ఆ అలవాటు లేదు. ‘ఊపిరి విడిచాడు’ అంటాం గాని ‘ఊపిరులు విడిచాడు’ అనం. అచ్చుల గురించి కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. మన వ్యాకరణంలో అచ్చులకు ప్రాణములనీ, హల్లులకు ప్రాణులనీ పేర్లున్నాయి. తమిళంలో అచ్చును ‘ఉయిరెళుత్తు’, హల్లును ‘మెయ్యెళుత్తు’ అంటారు, అంటే ప్రాణాక్షరం, దేహాక్షరం. అచ్చు లేని హల్లు ఊపిరి లేని ఒళ్లు అని రెండు భాషల వ్యాకరణకర్తలకూ తోచింది.

‘శ్వాస’ ‘శ్వస్’ అనే ధాతువు నుంచి వచ్చింది. ఆ ధాతువు సంతానం చాలా పెద్దది. విశ్వాసం అంటే భయం లేకుండా నిమ్మళంగా ఊపిరి తీసుకోగలగడం. అక్కడి నుంచి నమ్మకం అనే అర్థం వచ్చింది. ఆశ్వాసం అంటే ఊపిరి తిప్పుకోవడం, ఊరట. కావ్యంలో ఒక భాగం ముగిసి కవీ శ్రోతా ఊపిరి తీసుకొనే చోటు కనుక ఆ భాగానికే ఆ పేరు పెట్టారు. నన్నయ ఆదిపర్వంలో 8 ఆశ్వాసాలున్నాయి; అంటే అన్నిసార్లు ఊపిరి తీసుకోవడానికి ఆగాడన్నమాట. ఉబ్బసంతో బాధపడేవారికి ఆసుపత్రిలో తరచూ వినిపించే ‘వీజింగ్’ అనే ఇంగ్లీషు మాట కూడా దూరపు వరసలో ఈ ‘శ్వస్’కు చుట్టమే. మన ‘ఆయాసం’ మాత్రం ఈ కుటుంబానిది కాదు. అది ‘యస్’ అనే వేరే ధాతువు. శ్రమ అని అర్థం. ప్రయాసలో ఉన్నదీ అదే. శ్రమపడితే ఊపిరి అందదు కనుక తెలుగులో అది ఊపిరి అందకపోవడానికే పేరైంది. తెలంగాణలో ఆయాసాన్ని ‘దమ్ము’ అంటారు. అది పారసీకపు ‘దమ్’, ఊపిరి అనే అర్థం. ‘దమ్ముంటే రా’ అన్నా, పొగ ‘దమ్ము’ లాగినా, మూత అంచులకు పిండి మెత్తి ఆవిరి బయటికి పోకుండా ‘దమ్ బిర్యానీ’ వండినా అదే ఊపిరి. కోస్తా రైతులు పొలంలో చేసే దమ్ము వేరే మాట, దానితో కలపకూడదు.

‘ఊపిరితిత్తి’ అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. తిత్తి అంటే తోలుసంచి; కమ్మరి కొలిమి దగ్గర గాలి ఊదేది కూడా తిత్తే. తమిళంలో ఊపిరితిత్తిని ‘నురైయీరల్’, అంటే నురుగు కాలేయం అంటారు. అది చూడటానికి ఎలా ఉంటుందో ఆ పేరు చెబుతుంది. మన పేరు అది చేసే పనిని చెబుతుంది. యోగంలో భస్త్రిక అనే ప్రాణాయామం పేరుకూ కొలిమితిత్తి అనే అర్థమే. శాస్త్ర పాఠ్యపుస్తకాల్లో శ్వాసనాళం, శ్వాసక్రియ అని సంస్కృతం నిండినా, ఊపిరితిత్తుల స్థానాన్ని మరో మాట తీసుకోలేకపోయింది.

ఇప్పుడు మూడో ప్రశ్న. తెలుగు బడిపుస్తకాల్లో ఉచ్ఛ్వాసం అంటే గాలి పీల్చడం, నిశ్వాసం అంటే వదలడం. ఇది నేడు స్థిరపడిన వాడుక. కానీ సంస్కృతంలో ‘ఉచ్ఛ్వాస’ అంటే పైకి వచ్చే ఊపిరి. వదలడం, నిట్టూర్చడం అనే అర్థాలు కూడా దానికి ఉన్నాయి. బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలో ‘అస్సాస’, ‘పస్సాస’ అనే జంట విషయంలోనూ ఇదే చిక్కు వచ్చింది. భిక్షువుల నియమాలను చెప్పే వినయ గ్రంథపు వ్యాఖ్యానం అస్సాసను బయటికి పోయే గాలి అంటే, బుద్ధుడి బోధలైన సూత్రాల వ్యాఖ్యానాలు లోపలికి వచ్చే గాలి అన్నాయని 5వ శతాబ్దంలో బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు రాశాడు. పతంజలి ప్రాణాయామాన్ని నిర్వచిస్తూ శ్వాస, ప్రశ్వాస అనే జంటను వాడాడు. వ్యాఖ్యాతలు శ్వాసను లోపలికి తీసుకోవడంగా, ప్రశ్వాసను బయటికి వదలడంగా చెప్పారు. అందువల్ల మీ దగ్గరికి వచ్చే ఏ పాత గ్రంథంలోనైనా ఉచ్ఛ్వాస అనే మాట కనిపిస్తే, ఆ చోట ఏ దిక్కు చెబుతున్నారో సందర్భాన్ని బట్టి చూసుకోవాలి.

కరపత్రంలో మాత్రం నేనైతే ఆ మాటను వాడను. దాన్ని సరిగ్గా ఉచ్చరించగలిగినవారు తక్కువ. ఉత్ + శ్వాస కనుక ‘ఉచ్ఛ్వాస’ అనే రూపమే సరైనదైనా, ఉచ్వాస, ఉఛ్వాస అని రాసినవే ఎక్కువగా కనిపిస్తాయి. పూరకం, కుంభకం, రేచకం అనే పేర్లు ఒక్కసారి పరిచయం చేసి, నింపడం, నిలపడం, ఖాళీ చేయడం అని వాటి అర్థాలు చెప్పండి. ఆ తరువాత సూచనలన్నీ ‘నెమ్మదిగా ఊపిరి పీల్చండి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు బిగబట్టండి, మెల్లగా వదలండి’ అని రాయండి. కళ్లు మూసుకొని చాప మీద కూర్చున్న పెద్దవయసువారికి ఏది లోపలికో ఏది బయటికో ఆలోచించే పని ఉండకూడదు.